ఆ స్థలం ఖాళీ అని రాసింది నేనే

మా ప్లానింగ్ సెక్షన్లో ఈమధ్య చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. మేడం, ఆ స్టేడియం ఫైలు మీ చేతి మీదుగానే నడిచిందట కదా, ఆ కబుర్లు చెప్పండి అంటారు. అనుమతులు ఎలా వచ్చాయి, ఎవరు అడ్డుపడ్డారు, డిజైను మధ్యలో ఎందుకు మారింది, ఇవీ వాళ్ళకి కావలసినవి. డిజైను ఎందుకు మారిందో చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. అందుకని ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు పెన్షన్ వస్తోంది, నాకు మెమో ఇచ్చే హక్కు ఎవరికీ లేదు, కాబట్టి రాస్తున్నాను.

నేను ట్రేసర్‌గా చేరాను. అంటే ఎవరో గీసిన ప్లాను మీద పల్చటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో మళ్ళీ గీయడం. డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. ఆడదాన్నని తెలిసినా కాగితాల్లో చివరిదాకా డ్రాఫ్ట్స్‌మన్ అనే రాశారు. ఒకసారి దాని మీద గొడవ కూడా పెట్టుకున్నాను గానీ ఎవరూ లెక్కచేయలేదు. నాకు కోపం ఎక్కువ. గీత వంకరగా ఉంటే అన్నం సయించేది కాదు. ఎవరైనా నా టేబుల్ మీద టీ గ్లాసు పెడితే ఆ రోజుకి వాళ్ళతో మాటల్లేవు. అంత పట్టుదల గల మనిషిని, ఒకచోట మాత్రం రెండక్షరాల మాట దగ్గర బోల్తా పడ్డాను.

రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుందనగా ఆ ప్రతిపాదన వచ్చింది. ఆటోనగర్ దాటాక కాలవ పక్కన పెద్ద ప్రభుత్వ స్థలం ఉంది. అక్కడ కొత్త స్టేడియం కట్టాలని. ఉత్త స్టేడియం కాదు, దాని చుట్టూ దుకాణాలు, ఆఫీసులు, ఇళ్ళు, నడవడానికి బాట, సిటీ బస్సులు ఆగేచోటు, అన్నీ కలిపి ఒకటే ప్లాను. దాన్ని మిక్స్‌డ్ యూజ్ అంటారని మా ఆఫీసరు గారు చెప్పారు. ఆయన నాకంటే పాతికేళ్ళు చిన్నవారు. బయట పెద్ద చదువు చదివి వచ్చారు. ఫుట్‌ఫాల్ అనే మాట రోజుకి ఎన్నిసార్లు అనేవారో చెప్పలేను. మధ్యాహ్నం క్యాంటీన్లో జనం ఎక్కువగా ఉంటే మా అటెండరు నా దగ్గరికొచ్చి, ఇవాళ ఫుట్‌ఫాల్ బాగుందండీ, మీరు కాసేపాగి వెళ్ళండి అనేవాడు.

నవ్వుకునేవాళ్ళమే గానీ ఆయన చెప్పినదాంట్లో విషయం ఉంది. ఒకరోజు నా టేబుల్ దగ్గర నిలబడి, నా పెన్సిల్ నన్ను అడక్కుండానే తీసుకుని, కాగితం మీద ఒక గుండ్రం గీశారు.

"స్టేడియం అంటే మనవాళ్ళు ఒక గేటు, దానికో తాళం అనుకుంటారండీ. ఏడాదిలో ఎన్నాళ్ళు ఆట ఉంటుంది? మిగతా రోజుల్లో దానికి ప్రాణం ఎక్కణ్ణించి వస్తుంది? ఆలోచించండి."

ఆలోచించాను. నిజమే. ఆట ఉన్న రోజు ఊరంతా విరగబడుతుంది, తెల్లారితే కుక్కలు పడుకుంటాయి. అదే స్టాండ్ల కింద దుకాణాలుంటే వాటి అద్దెతో గడ్డికి నీళ్ళు పెట్టొచ్చు, దీపాలు వెలిగించొచ్చు. పక్కనే ఇళ్ళుంటే సాయంత్రం పూట మనుషులు తిరుగుతుంటారు, ఆడపిల్లలు ప్రాక్టీసు చేసుకుని భయం లేకుండా ఇంటికి వెళతారు. బస్సు ఆగితే ఆటోనగర్లో పనిచేసేవాళ్ళు కూడా అక్కడే దిగి ఓ టీ తాగి వెళతారు. ఈ సంగతులన్నీ తెలుగులో, మామూలు మనుషులకి అర్థమయ్యేలా, నగరానికి కలిగే ప్రయోజనాలు అనే పేరుతో ఒక నోట్ రాయమని ఆ పని నాకు అప్పగించారు.

ఎందుకు అంత ఉత్సాహంగా ఒప్పుకున్నానో మీకు చెప్పాలి. కాలేజీ రోజుల్లో నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. మా జట్టుతో జిల్లా అంతా తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి చోటుండేది కాదు. ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే ఒకరు మార్చుకునేవాళ్ళం. బాత్రూం మాట ఎత్తకపోవడం మంచిది. పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగకుండా ఆడి, ఫైనల్లో కళ్ళు తిరిగి పడిపోయిన అమ్మాయి మా జట్టులోనే ఉంది. ఆ కసి నాకు అలాగే ఉండిపోయింది. నోట్‌లో ఆడపిల్లల గదుల గురించే రెండు పేజీలు రాశాను. ఆఫీసరు గారు మిగతాదంతా కత్తిరించారు గానీ ఆ రెండు పేజీలు ముట్టుకోలేదు. ఆ స్టేడియం రావాలని ఆయన ఎంత కోరుకున్నారో నేనూ అంతే కోరుకున్నాను. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే తప్పులు ఇష్టం లేని పనిలోనే జరుగుతాయని చాలామంది అనుకుంటారు.

స్థలం చూడటానికి నేనూ, మా సర్వేయరు గారూ వెళ్ళాం. ఆయన రోజూ హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వచ్చేవారు. ఆఫీసుకి చేరి, సంతకం పెట్టి, టిఫిన్ చేసి, జీపు డ్రైవరు దొరికి, మేం బయల్దేరేసరికి పదకొండయ్యేది. ఏ రోజైనా అంతే. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. మా ఆఫీసుకి తెలిసిన బెజవాడ పొద్దున్న పదకొండుకి మొదలై సాయంత్రం నాలుగింటికి అయిపోయేది. దానికి ముందూ వెనకా కూడా ఊరు ఉంటుందని ఇళ్ళకి వెళ్ళాక మా అందరికీ తెలుసు. ఆఫీసు పనిలో మాత్రం తెలియదు.

ఆ స్థలంలోనే తూర్పు వైపు చదునైన పొడవాటి జాగా ఉంది. దానికి ఆనుకుని ఇరవై లోపు ఇళ్ళున్న నేతపేట. జాగా శుభ్రంగా ఊడ్చినట్టుంది. ఈ చివర ఒక రాట, ఆ చివర ఒక రాట పాతి ఉన్నాయి. ఎండ మండిపోతోంది, ఒక్క మనిషి లేడు. సర్వేయరు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, పిల్లలు వాలీబాల్ ఆడతారు కాబోలు అన్నారు. నేనూ తలూపాను. వాలీబాల్ వల కట్టే రాటల మధ్య ఉండాల్సినదానికి దాదాపు నాలుగింతలుంది ఆ రాటల మధ్య దూరం. ఏళ్ళ తరబడి వలలు కట్టి ఆడినదాన్ని, అంత దూరంలో ఉన్న రాటలకి ఏ వల కడతారని నాకు అనుమానం రావద్దూ? రాలేదు. ఆటస్థలం అనిపించుకోవడం మా ప్లానుకి కలిసొచ్చే సంగతి, అందుకని కంటికి అలాగే కనిపించింది. ప్రస్తుత వాడకం అనే గడిలో నా చేత్తో రాశాను: ఖాళీ, అప్పుడప్పుడు ఆటలకు. ప్లాను మీద ఆ ముక్కకి ఏ రంగూ వేయకుండా తెల్లగా వదిలేశాను. డిజైనులో అక్కడ కార్ల పార్కింగ్ వచ్చింది.

రెండు నెలలకి కొలతల్లో తేడా బయటపడింది. తూర్పు హద్దు నా ప్లానులో ఒకలా, సర్వే కాగితంలో ఒకలా ఉంది. ఆరడుగుల తేడా. ఎండాకాలం, మా ఇల్లు ఆ పక్కనే పటమటలో కదా, ఆఫీసుకి వెళ్ళేలోపు నేనే చూసొస్తే పోతుందని పొద్దున్నే ఆరున్నరకి స్కూటీ మీద వెళ్ళాను. వెళ్ళి, దిగి, అక్కడే ఆగిపోయాను.

ఆ రాట నుంచి ఈ రాట దాకా ఆకుపచ్చ నూలు పరిచి ఉంది, నడుము ఎత్తున, మధ్యమధ్య కర్రల మీద ఆనించి. వందల పోగులు, ఒక్కటీ ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా. అటు నలుగురు, ఇటు నలుగురు మనుషులు పెద్ద పెద్ద కుంచెలతో గంజి అద్ది దువ్వుకుంటూ, అడుగులో అడుగు వేస్తూ వెళుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. లేత ఎండ దాని మీద పడుతోంది. ఉడికిన బియ్యం వాసన. నలభై ఏళ్ళ నా ఉద్యోగంలో అంత తిన్నని గీతలు నేనెప్పుడూ గీయలేదు. నాకు చాలా అందంగా అనిపించింది, ఆ వెంటనే ఖాళీ అని నేను రాసిన గడి గుర్తొచ్చింది.

"అటు కాదమ్మా, ఇటు నుంచి రండి. పడుగు తగులుద్ది."

యాభై దాటిన మనిషి, నా ఈడుదే. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చేతిలో గంజి గిన్నె. పక్కనే ఆవిడ భర్త. ఆయన నన్ను చూసి ఒకసారి తలూపి మళ్ళీ పోగుల్లో పడిపోయాడు. వాకింగుకొచ్చారా అని ఆవిడ అడిగింది. అవునండీ అన్నాను. నా భుజాన టేపు, చేతిలో ప్లాను గొట్టం ఉన్నాయి. ఆవిడ వాటిని చూసిందో లేదో నాకు తెలియదు. ఎందుకలా అబద్ధమాడానని చాలాసార్లు ఆలోచించాను. భయం తప్ప ఇంకేం కారణం లేదు.

అడక్కుండానే ఆవిడ అంతా చెప్పింది. పడుగంటే మగ్గం మీదికి ఎక్కే నిలువు పోగులు. గంజి పెట్టి దువ్వకపోతే నేసేటప్పుడు పుటుక్కున తెగుతాయి. ఇంత పొడుగున పరిస్తేగానీ కుదరదు. ఎండ కావాలి గానీ ముదిరిన ఎండ పనికిరాదు, తొమ్మిదిన్నరకల్లా చుట్టేసుకుని వెళ్ళిపోవాలి. పూర్వం వీధుల్లోనే పరిచేవాళ్ళట. ఇప్పుడు వీధిలో బళ్ళు, కార్లు. మిగిలింది ఈ జాగా ఒక్కటే. పేటలో మగ్గం ఆడే ఇళ్ళన్నీ వంతులు వేసుకుని దీన్నే వాడుకుంటాయి. బజారులో దొరికే మిల్లు పడుగు తెచ్చుకోవచ్చు కదా అంటే, ఆ బట్ట ఒంటికి పట్టదమ్మా, మా దగ్గర కొనేవాళ్ళు పట్టుకుని చూసి పక్కన పెట్టేస్తారు అంది.

నేను ఉండబట్టలేక, ఈ జాగా కూడా లేకపోతే ఏం చేస్తారండీ అన్నాను.

"ఏం చేస్తామమ్మా. మగ్గం గుంట పూడ్చుకోవడమే."

గుంట మగ్గాలు వాళ్ళవి. ఇంట్లో నేల తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. ఆ గుంట పూడ్చడమంటే ఇంక ఆ ఇంట్లో నేత లేదని అర్థం. ఆ మాట ఆవిడ బాధగా కూడా అనలేదు, పొయ్యి ఆర్పేశాం అన్నంత మామూలుగా అంది. తర్వాత తనే, అక్కడెక్కడో స్టేడియం కడతారంట, మంచిదే, మా మనవరాలు బాగా పరిగెడుతుంది, రోజూ బడి నుంచి అంత దూరం పోనక్కర్లేదు అంది. ఈ జాగా కూడా అందులోనే ఉందని ఆవిడకి తెలియదు. నోటీసు పేట ముందు కాదు, మెయిన్ రోడ్డు మీద కరెంటు స్తంభానికి అంటించాం. నాకు తెలుసు. నేను చెప్పలేదు. వస్తానండీ అని స్కూటీ ఎక్కి వచ్చేశాను. హద్దు కొలవడం కూడా మర్చిపోయాను.

సర్వేయరు గారితో చెప్పాను. ఆయన మంచివాడు, నాకు ఎన్నోసార్లు అండగా నిలబడ్డ మనిషి. సంతకాలు అయిపోయాయమ్మా, మనిద్దరివీ ఉన్నాయి, ఇప్పుడు కదిపితే స్టేడియమే ఆగిపోవచ్చు, తర్వాత వాళ్ళకి ఎక్కడో ఒకచోట జాగా చూపిస్తారులే అన్నారు. ఆ ఎక్కడో ఒకచోట అన్నది ఎక్కడా ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆఫీసరు గారి గది దాకా రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆయన ఫోన్లో ఉన్నారు. రెండోసారి ఖాళీగానే ఉన్నారు, నన్ను చూసి కూర్చోమన్నారు కూడా. నేను నీళ్ళు నమిలి, సెలవు చీటీ ఇచ్చి వచ్చేశాను. అవసరం లేని సెలవు. ఆ రోజు ఇంట్లో కూర్చుని ఏం తోచక అల్మారా సర్దుకున్నాను.

ప్రజాభిప్రాయ సేకరణ ఆ స్థలంలోనే పెట్టారు, పదకొండు గంటలకి. తూర్పు జాగా చదునుగా ఉంది కాబట్టి షామియానా అక్కడే వేశారు. నేను వెళ్ళేసరికి నేల మీద పట్టాలు పరిచి, కుర్చీలు వేసేశారు. రాటలు కనిపించలేదు. షామియానా వాళ్ళు అడ్డమని పీకేసి పక్కన పడేశారు. జనం బాగానే వచ్చారు. దుకాణాలవాళ్ళు, ఆటోనగర్ నుంచి వర్క్‌షాపుల పెద్దలు, ట్రాక్ సూట్లేసుకున్న పిల్లలు, వాళ్ళ కోచ్‌లు. స్టేజీ పక్కన పెద్ద బోర్డు మీద నా ప్లాను. దాని పక్కన కుర్చీలో నేను.

ఆఫీసరు గారు ప్రయోజనాల నోట్ చదివారు. నేను రాసిన మాటలే, ఆయన గొంతులో ఇంకా బాగున్నాయి. ఆడపిల్లల గదుల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. మామూలుగా అయితే నాకు గర్వంగా ఉండాలి. తల దించుకుని కూర్చున్నాను, ఎందుకంటే చివరి వరసలో ఆవిడా, ఆవిడ భర్తా, ఇంకా పేటవాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూసింది. గుర్తుపట్టింది. మొహంలో ఏ మార్పూ లేదు.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరూ కట్టాలనే అన్నారు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు ఆవిడ ముందుకొచ్చింది. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. స్టేడియం వద్దనడానికి రాలేదండీ అని మొదలుపెట్టింది. నన్ను చూపించి, ఈ అమ్మగారు ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారు, అంతా కనుక్కుని వెళ్ళారు అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. ఆఫీసరు గారి వైపు తిరిగింది.

"మీ స్టేడియంలో రోజూ పొద్దున్నే ఆటలుంటాయాండీ?"

ఆయన ఓపిగ్గానే చెప్పారు. పోటీలు ఏడాదిలో కొన్నాళ్ళే, ప్రాక్టీసు సాయంత్రాలు, దుకాణాలు పదింటికి తెరుస్తారు, పొద్దున పూట ఈ వైపంతా ఖాళీగానే ఉంటుందమ్మా అన్నారు.

"మరైతే మేమొచ్చేది పొద్దున్నే కదండీ. తొమ్మిదిన్నరకల్లా వెళ్ళిపోతాం. మీరొచ్చేది ఆ తర్వాత. అందుకే ఇన్నాళ్ళూ మేం మీకు కనబడలా."

ఆఫీసరు గారికి అర్థం కాలేదు. ఎవరు రావడం, ఎక్కడికి అని నా వైపు చూశారు. అప్పుడు లేచాను. ధైర్యంతో కాదు. ఆవిడ నన్ను బయటపెట్టకుండా కాపాడిందని తెలిశాక కూర్చోవడం నావల్ల కాలేదు. మైకు లేకుండానే చెప్పాను. ఈ షామియానా వేసిన చోట పొద్దున పూట పడుగులు పరుస్తారని, ఇరవై లోపు ఇళ్ళకి ఇదే ఆధారమని, దీన్ని ఖాళీ అని రాసింది నేనేనని. ఆగితే చాలు గానీ ఆగలేదు. తర్వాత నా కళ్ళతో చూశాను, చూసి కూడా చెప్పలేదు సార్ అన్నాను. నలభై ఏళ్ళ సర్వీసులో అందరి ముందూ ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు. మా సర్వేయరు గారు లేచి నా పక్కన నిలబడి, ఆమెతో పాటు నేనూ ఉన్నాను సార్, వాలీబాల్ అన్నది నేనే అన్నారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆఫీసరు గారి మొహం ఎర్రబడింది. నా మీద అరుస్తారనుకున్నాను. కాసేపు నా ప్లాను మీద ఆ తెల్లటి ముక్కని చూస్తూ నిలబడి, తర్వాత మామూలు గొంతుతో, ఎంత పొడుగు కావాలి అని అడిగారు.

మాకు తెలియదు. ఆవిడా చెప్పలేకపోయింది, వాళ్ళ కొలత గజాల్లో ఉండదు, రాట నుంచి రాటకి అంతే. అప్పటిదాకా వెనక నిలబడ్డ ఆవిడ భర్త ముందుకొచ్చాడు. స్టేజీకి కాస్త పక్కన పట్టా ఎత్తి చూశాడు. కింద రాట పీకిన గుంట ఉంది. అందులో మడమ ఆనించి, అక్కణ్ణించి తిన్నగా నడవడం మొదలుపెట్టాడు. దారిలో కుర్చీలు. మొదటి వరసలో కూర్చున్న పెద్దమనుషులు ఏమనుకున్నారో, ఒక్కొక్కరే లేచి ఎవరి కుర్చీ వాళ్ళు పక్కకి లాక్కున్నారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. సర్వేయరు గారు టేపు ఒక కొస ఆ గుంట దగ్గర పట్టుకున్నారు, రెండో కొస నేను పట్టుకుని ఆయన వెనకే నడిచాను. కుర్చీలు అయిపోయాయి, షామియానా అయిపోయింది, ఎండలోకి వెళ్ళాం. ఇంకా వెళుతున్నాడు. చివరికి ఒకచోట ఆగి, కాలితో మట్టి తీస్తే రెండో గుంట కనబడింది. టేపు అయిపోతే ఆపి మళ్ళీ పట్టాల్సి వచ్చింది. నలభై రెండు మీటర్లు. వెనక్కి తిరిగి చూస్తే షామియానా మధ్యలో కుర్చీలు లేని దారి ఒకటి పడి ఉంది, దానికి అటూ ఇటూ జనం నిలబడి ఉన్నారు.

ఆఫీసరు గారు ఎండలోకి నడిచి వచ్చారు. టేపు మీద అంకె ఆయనే చదివారు. ఇంక ఆ రోజు ఉపన్యాసాలేమీ లేవు.

నాకు మెమో వచ్చింది, రావాల్సిందే. ఫైలు కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. స్టేడియం ఏడాది ఆలస్యమైంది. పార్కింగ్ కాలవ వైపుకి మారింది. తూర్పు స్టాండు ముందు నలభై రెండు మీటర్ల పొడుగున ఆకాశం కనిపించే చదునైన జాగా వదిలారు. దాని వెనక దుకాణాలు, పదింటికి తెరిచేవి. సాయంత్రం అక్కడే పిల్లలు ఒళ్ళు వేడెక్కించుకుంటారు, పెద్దవాళ్ళు నడుస్తారు. గచ్చు మీద రాటలు పాతలేం కాబట్టి రెండు చివర్లా స్తంభాలకి ఇనప కడియాలు గీశాను. ఇంజినీరు గారు అవేంటో తెలియక ప్లానులోంచి మూడుసార్లు తీసేశారు. నాలుగోసారి నేను స్వయంగా వెళ్ళి, ఇవి ఉంటేనే సంతకం పెడతానని ఆయన టేబుల్ ముందు కూర్చున్నాను. నా సంతకానికి అంత విలువేమీ లేదు, ఆయన దగ్గర ఓపిక అయిపోయిందంతే.

పిల్లలూ, ఒక స్టేడియం వల్ల ఊరికి లాభమా అని మీరు పెద్ద పెద్ద రిపోర్టులు రాస్తుంటారు. లాభమే. మేం రాసిన నోట్‌లో అబద్ధమేమీ లేదు. ఆడపిల్లలకి తాళం పడే గదులొచ్చాయి, వాటిలో నీళ్ళొస్తున్నాయి. బస్సు ఆగుతోంది. స్టాండు కింద టిఫిన్ కొట్లలో సాయంత్రం నిలబడటానికి చోటుండదు. రెండు దుకాణాల్లో పేట బట్టే అమ్ముతున్నారు. అలాగని అన్నీ బాగుపడలేదు. ఆలస్యమైన ఆ ఏడాదంతా స్థలం చుట్టూ కంచె ఉండటంతో పడుగు పరిచే చోటు లేక నాలుగిళ్ళవాళ్ళు గుంటలు పూడ్చుకున్నారు. అందులో ఇద్దరు ఆటోనగర్లో పనికి కుదిరారు. స్టేడియం తెరిచాక కూడా మళ్ళీ తవ్వుకోలేదు. ఆ నాలుగిళ్ళు నా లెక్కలోనివే. సరైన రోజున ఆ గదిలో నోరు విప్పి ఉంటే ఆలస్యం రెండు నెలలతో పోయేదని నాకు తెలుసు.

స్టేడియం తెరిచేనాటికి నేను రిటైరయ్యాను. ప్రారంభోత్సవానికి పిలుపు వచ్చింది గానీ వెళ్ళలేదు, ఆ గోల నాకు పడదు. వారం తర్వాత ఆవిడ కబురు పంపింది, రేపు మా వంతు, రండి అని. పొద్దున్నే వెళ్ళాను. కడియాలకి తాళ్ళు కట్టి పసుప్పచ్చ పడుగు లాగి ఉంది. మనవరాలు ట్రాక్ మీద రెండు చుట్లు పరిగెత్తి వచ్చి, షూస్ విప్పి, కుంచె అందుకుంది. ఆవిడ నాతో పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు. నేనే క్షమించమని అడగాలని మాటలు కూర్చుకుని వెళ్ళాను. మొదలుపెట్టబోతే, ముందు టీ తాగండమ్మా అంది.

తూర్పు గేటు దగ్గర కొత్తగా నీలం రంగు బోర్డు పెట్టారు. ఏ వేళకి ఏది అని గడులు గీసి. ఆవిడ భర్త దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే. ఏం రాశారో చదవమన్నాడు.

చదివాను. అన్నిటికంటే పైగడి.

"ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, పడుగులు."

"అలాగే ఉందా?"

"అలాగే ఉందండీ."

ఆయన ఆ గడి మీద వేలు పెట్టాడు. పెయింటు ఇంకా కొత్తగా మెరుస్తోంది. కాసేపు వేలు అక్కడే ఉంచి, నా వైపు చూడకుండానే, ఇంకోసారి చదవండమ్మా అన్నాడు.